గులాబీ పురుగు, నారాయణపక్షి, మధురానగర్ దోమ

ఏ ప్రాణి అయినా అడ్డూ ఆపూ లేకుండా పెరిగి నేలంతా ఎందుకు నిండిపోదు? ఈ ప్రశ్నకు 1954లో రెండు పుస్తకాలు రెండు రకాల జవాబులు చెప్పాయి. ఒకటి ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు హెర్బర్ట్ ఆండ్రూవార్తా, చార్లెస్ బర్చ్ కలిసి రాసిన ‘ది డిస్ట్రిబ్యూషన్ అండ్ అబండెన్స్ ఆఫ్ యానిమల్స్’. రెండోది ఆక్స్‌ఫర్డ్‌లో పక్షుల మీద పనిచేసిన డేవిడ్ లాక్ రాసిన ‘ది నేచురల్ రెగ్యులేషన్ ఆఫ్ యానిమల్ నంబర్స్’. మొదటి పుస్తకం ఎండనూ వాననూ చలినీ ముందుకు తెచ్చింది. రెండోది తిండినీ, తిండి కోసం తోటి ప్రాణులతో పడే పోటీనీ ముందు పెట్టింది. జీవావరణ శాస్త్రం చదివినవాళ్ళకు ఈ తగాదా తెలుసు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని రెండు పేరాల్లో చెప్పేసి, పురుగుల విషయంలో ఆస్ట్రేలియా వాళ్ళది ఒప్పు, పక్షుల విషయంలో లాక్‌ది ఒప్పు అని పంపకాలు చేసి వదిలేస్తారు. ఆ పంపకం తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో హైదరాబాద్ నడిబొడ్డున మధురానగర్ లాంటి పేటలో కూర్చుని ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుంటే తేటగా తెలుస్తుంది.

ముందు ఎవరి చేతిలో ఏ సాక్ష్యం ఉందో చూద్దాం.

ఆండ్రూవార్తా సాక్షి కంటికి ఆనీ ఆనని తామర పురుగు. అడిలైడ్‌లోని వెయిట్ ఇన్‌స్టిట్యూట్‌లో గులాబీ పూలు కోసి, వాటిలో ఎన్ని తామర పురుగులు ఉన్నాయో 14 ఏళ్ళ పాటు లెక్కపెట్టారు. డేవిడ్‌సన్, ఆండ్రూవార్తా పేర్లతో ఆ లెక్కలు 1948లో అచ్చయ్యాయి. ఏ ఏడు వసంతంలో ఎన్ని పురుగులు ఉంటాయన్న హెచ్చుతగ్గుల్లో 78 శాతాన్ని వాళ్ళు వాతావరణ కొలతలతోనే వివరించగలిగారు. ముందటి వానలు ఎప్పుడు మొదలయ్యాయి, చలికాలం ఎంత వెచ్చగా గడిచింది, వసంతంలో ఎంత వాన పడింది అన్నవే ఆ కొలతలు. పురుగులు ఒకదాన్నొకటి తోసుకుని తిండికి కరువు పడిన దాఖలా వాళ్ళకు కనిపించలేదు. గులాబీలు ఇంకా మిగిలి ఉండగానే ఎండలు ముదిరేవి, పచ్చిక ఎండిపోయేది, పురుగుల సంఖ్య పడిపోయేది. దీన్నుంచి వాళ్ళు తీసిన సూత్రం చాలా బలమైనది: ప్రాణులు పెరగడానికి అనువైన రోజులు కొన్నే ఉంటాయి, తిండికి కరువొచ్చేదాకా పెరిగే వ్యవధి వాటికి ఉండదు. అందువల్ల కొరత కాలానిదే అవుతుంది.

లాక్ తన వాదానికి వాడుకున్న సాక్షుల్లో నారాయణపక్షి ఒకటి. మన చెరువుగట్ల మీద ఒంటికాలిపై కదలకుండా నిలబడే బూడిదరంగు కొంగే అది. ఇంగ్లండ్‌లో దాని గూళ్ళను 1928 నుంచి ఏటా లెక్కిస్తున్నారు. చెరువులూ ఏర్లూ గడ్డకట్టిన గట్టి చలికాలం వస్తే, ఉదాహరణకు 1947లో, గూళ్ళ సంఖ్య ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తరవాత కొన్నేళ్ళలో మెల్లగా లేచి, ఇంచుమించు పాత మట్టానికే వచ్చి ఆగుతుంది. చలి చంపింది, నిజమే. కానీ చలి సంఖ్యను నిర్ణయించిందని ఎలా అంటారని లాక్ వాదం. చలే నిర్ణయిస్తే, వరసగా పదేళ్ళు మంచి కాలం నడిచినప్పుడు పక్షులు పెరుగుతూనే పోవాలి కదా? అలా పోవడం లేదు. పైన ఏదో కప్పు ఉంది. అది తిండి అని ఆయన నమ్మకం.

చదువుకోవడానికి లాక్ పుస్తకం హాయిగా ఉంటుంది. వాదాన్ని మెట్టు మెట్టుగా ఎక్కిస్తాడు, ఎక్కడా పాఠకుణ్ణి దారి తప్పనివ్వడు. ఆండ్రూవార్తా, బర్చ్‌ల పుస్తకం దాదాపు 800 పేజీల బరువు, పట్టికలతో సమీకరణాలతో కిక్కిరిసి ఉంటుంది. కానీ పొలంలో, తోటలో, కాలవగట్టున పనిచేసేవాడికి చేతికి అందే పనిముట్లు ఎక్కువ ఉన్నది ఈ పుస్తకంలోనే. ప్రాణి చుట్టూ ఉన్నదాన్ని వాళ్ళు నాలుగుగా విడదీశారు: వాతావరణం, తిండి, ఇతర ప్రాణులూ రోగకారకాలూ, ఉండడానికి చోటు. ఈ నాలుగోదాన్ని గుర్తుపెట్టుకోండి. మధురానగర్‌లో మనకు అక్కరకొచ్చేది అదే. లాక్ పుస్తకంలో తిండికి దక్కిన చోటు, చోటుకు దక్కలేదు.

ఈ ఇద్దరి మధ్య మూడో మనిషి ఆస్ట్రేలియాకే చెందిన నికల్సన్. 1933లోనే ఆయన ఒక లెక్క చెప్పాడు. ఒక పురుగు తరానికి వంద రెట్లు పెరుగుతుందనుకుందాం. ఎండావానా అందులో 98 శాతాన్ని చంపేస్తాయనుకుందాం. మిగిలింది రెండు. అంటే ఇంత చావు తరవాత కూడా సంఖ్య తరానికి రెట్టింపు అవుతూనే ఉంటుంది. ఆ మిగిలిన రెండింటిలో ఒకదాన్ని శత్రువో పోటీయో చంపితేనే సంఖ్య నిలకడగా ఉంటుంది. మరి అదుపు చేసిందెవరు, 98ని చంపిన ఎండా, ఒక్కదాన్ని చంపిన శత్రువా? నికల్సన్ రెండోదే అంటాడు. గుంపు పెద్దదా చిన్నదా అన్నది ఎండకు తెలియదు, తెలియనిది అదుపు చేయలేదు అన్నది ఆయన తర్కం. లెక్కగా ఇందులో తప్పులేదు. కానీ ఈ లెక్కలో ఏటా అదే 98 అనుకున్నాడు. ఒక ఏడు 95, ఒక ఏడు 99.9 అయితే? వీధిలో మనం చూసే దోమల రాశి ఆ తేడాను బట్టే ఉంటుంది. ఒక సంఖ్య ఎందుకు అంతరించకుండా నిలిచిందన్నది నికల్సన్ ప్రశ్న. ఈ ఏడు ఎన్ని ఉన్నాయన్నది ఆండ్రూవార్తా ప్రశ్న. రెండూ వేరువేరు ప్రశ్నలు. ఆనాటి వాదులాటలో సగం వేడి ఈ తేడాను ఒప్పుకోకపోవడం వల్ల పుట్టిందే.

ఇప్పుడు మధురానగర్‌కు వద్దాం. డెంగీ మోసుకొచ్చే ఏడిస్ ఈజిప్టై దోమ ఇక్కడి స్థిరనివాసి. పోలీసు లెక్కల్లో లేకపోయినా ప్రతి అపార్ట్‌మెంటులో దానికి ఒక చిరునామా ఉంది. ఆడ దోమ ఒక విడతకు వంద దాకా గుడ్లు పెడుతుంది. వాటిని నీళ్ళలో వేయదు, నీటిమట్టానికి కాస్త పైన తడి గోడకు అంటిస్తుంది. ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. నీరు తగలగానే పగిలి, వెచ్చటి రోజుల్లో ఎనిమిది పది రోజుల్లో దోమలై లేస్తాయి. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. డెంగీ కేసులు ఉధృతమయ్యేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. గట్టి వాన పడితే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు నుంచి వచ్చే నీళ్ళు మైత్రీవనం దగ్గర రోడ్డును ముంచుతాయని మధురానగర్‌ను ఆనుకున్న అమీర్‌పేటలో పనున్న ప్రతివాడికీ తెలుసు. ఆ నీరు తీసిన వారం పదిరోజులకు దోమలు లేస్తాయనీ తెలుసు. పైపైన చూస్తే ఇది ఆండ్రూవార్తా గులాబీతోట కథే: వాన వచ్చింది, దోమ పెరిగింది. వాన పోయింది, దోమ తగ్గింది.

కానీ మే నెలను చూడండి. హైదరాబాద్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ మొదట్లో. ఏటా మేలో 40 దాటడం మామూలే. ఏడిస్‌కు అన్ని విధాలా అనువైనది 29 డిగ్రీల చుట్టుపక్కల. 40కి చేరిన నీళ్ళలో దాని పిల్లలు ఎక్కువసేపు నిలవవు, పొడిగాలిలో పెద్ద దోమా ఎక్కువ రోజులు బతకదు. ఎండా వానా వంటి నిర్జీవ కారకాల లెక్క ప్రకారం మే నెలలో ఇది తుడిచిపెట్టుకుపోవాలి. పోదు. ఎందుకు పోదో తెలియాలంటే ఒక ఎయిర్ కూలర్ వెనక పలక ఊడదీసి చూడాలి. గడ్డి ప్యాడ్ల మీదుగా జారే నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది. బయట 42 డిగ్రీలు మండుతున్నా, గాలి పొడిగా ఉన్న రోజు అడుగున తొట్టిలోని నీరు అంతకన్నా పది డిగ్రీలకు పైగానే చల్లగా ఉంటుంది. టార్చి వేస్తే తొట్టి అంచున లార్వాలు తలకిందులుగా, ఏటవాలుగా వేలాడుతూ కనిపిస్తాయి. తోక కొసనున్న గొట్టం నీటి పైపొరను అంటి ఉంటుంది, అదే వాటి ఊపిరి. చేతినీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగుతాయి, కాసేపటికి మళ్ళీ పైకి తేలతాయి. వీధిలో గ్రీష్మం నడుస్తోంది, ఈ తొట్టిలో శ్రావణం.

కూలర్ ఒక్కటే కాదు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో ప్రతి ఇంటి కిందా సంపు ఉంటుంది, మిద్దె మీద నల్ల ట్యాంకు ఉంటుంది. కోచింగ్ కోసం వచ్చిన పిల్లలు ఉండే హాస్టళ్ళలో బాత్రూము బాత్రూముకూ నీలం డ్రమ్ము ఉంటుంది. ఆ నీళ్ళు వానవి కావు. కృష్ణ నుంచీ గోదావరి నుంచీ వంద కిలోమీటర్లకు పైబడి పంపులతో ఎక్కించుకొచ్చినవి. మంజీర నీళ్ళు అంతకు ముందు నుంచే వస్తున్నాయి. అంటే మధురానగర్ దోమకు కురిసే వానను బేగంపేట వాతావరణ కేంద్రంలోని వానమానికతో కొలవలేం. నల్లా వదిలే వేళల పట్టిక కూడా పక్కన పెట్టుకోవాలి. నీటి సరఫరా ఎంత అరకొరగా ఉంటే నిల్వ అంత ఎక్కువ, నిల్వ ఎంత ఎక్కువైతే దోమకు ఎండాకాలం అంత పొట్టిది. ఇక్కడే నాలుగోదైన ‘ఉండే చోటు’ పని చేస్తుంది. వాతావరణం చంపగలదు, కానీ ప్రాణి ఉన్న చోటికి వెళ్ళి చంపలేదు. లాక్‌ను ఎన్నిసార్లు తిరగేసినా ఈ సంగతి చెప్పడానికి ఆయన దగ్గర మాట దొరకదు.

అయితే అదే డ్రమ్ములోకి సెప్టెంబరులో తొంగి చూస్తే లాక్ గెలుస్తాడు. అప్పటికి లార్వాలు వందల్లో ఉంటాయి. ఉన్న కాస్త నాచూ చెత్తా వాటికి చాలదు. కొన్ని చస్తాయి, కొన్ని ఎదగడానికి రెట్టింపు రోజులు తీసుకుంటాయి, లేచిన దోమలు చిన్నవిగా ఉంటాయి. ఇలాంటి డ్రమ్ములో సగం లార్వాలను ఏదో మందు చంపిందనుకుందాం. మిగిలిన సగానికి తిండి రెట్టింపయింది. అవి తొందరగా ఎదిగి, లావుగా, ఆరోగ్యంగా లేస్తాయి. నారాయణపక్షి గూళ్ళ లెక్కల్లో కనిపించిన గుంటా, ఆ తరవాతి పూడికా ఇక్కడ కొన్ని వారాల్లోనే కనిపిస్తాయి. కాబట్టి పురుగులకు ఒక సిద్ధాంతం, పక్షులకు ఇంకొకటి అనడం కుదరదు. ఒకే దోమ మేలో ఆండ్రూవార్తా చెప్పినట్టు నడుస్తుంది, సెప్టెంబరులో లాక్ చెప్పినట్టు నడుస్తుంది. పంచాల్సింది ప్రాణుల మధ్య కాదు, నెలల మధ్య. 1961లో ఎఫ్.ఇ. స్మిత్ అడిలైడ్ గులాబీల లెక్కలనే మళ్ళీ తీసి, ఆ తామర పురుగుల్లో కూడా గుంపు సాంద్రత ప్రభావం ఉందని చూపించాడు. ఆ విమర్శను ఆండ్రూవార్తా ఓటమిగా రాసేవాళ్ళు ఉన్నారు. నేను అలా చదవను. ఏడాదిలో కొన్ని నెలలు కిక్కిరిసి, మిగతా నెలలు పలచబడే సంఖ్యలో రెండు ప్రభావాలూ కనబడకపోతేనే ఆశ్చర్యం.

తామర పురుగు మాట వచ్చింది కాబట్టి మధురానగర్ దాటి ఒకసారి ఖమ్మం, వరంగల్ మిర్చి చేలకు వెళ్ళి రావాలి. 2021–22 పంటకాలంలో తెలంగాణ, ఆంధ్ర మిర్చి రైతును కుదేలు చేసిన నల్ల తామర, అడిలైడ్ గులాబీ పురుగుకు దగ్గర చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు ఇది. రైతుకు తెలిసిన పాత తామర ఆకుల మీద పడి పై ముడత తెస్తుంది. కొత్తది పూలలో చేరింది. పూత రాలింది, కాయ నిలవలేదు, చేలకు చేలు పీకేసిన వాళ్ళున్నారు. అడిలైడ్‌లో ఎండలు ముదిరి పచ్చిక ఎండిపోవడమే పురుగుకు హద్దు. ఖమ్మంలో మిర్చికి తడి పెడుతూనే ఉంటారు, పూత నెలల తరబడి వస్తూనే ఉంటుంది. పురుగును ఆపాల్సిన పొడి కాలం పైరు దాకా రానేరాదు. దానికి తోడు, మందు మీద మందు కొట్టడంతో దాన్ని తినే మిత్రపురుగులూ పోయాయి. గట్టి వాన పడితే తామర తగ్గుతుందని రైతు చెప్పే మాటలో ఆండ్రూవార్తా ఉన్నాడు. మందు ఎక్కువైనకొద్దీ పురుగు ఎక్కువైందన్న మాటలో నికల్సన్ ఉన్నాడు. కూలర్‌లో దోమకు జరిగిందే ఇక్కడా జరిగింది: నిర్జీవ కారకం పెట్టిన గడువును మన నీళ్ళు పొడిగించాయి.

ఆండ్రూవార్తాకూ లాక్‌కూ కొరుకుడు పడని చోటు ఒకటుంది, అది హుస్సేన్‌సాగర్. నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు నిర్జీవ కారకమే. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నరకు మించదు. ఎండాకాలపు చెరువు మొదటే కొరతతో ఉంటుంది. మొదటి గట్టి వానకు కూకట్‌పల్లి నాలా వంటివి నెలల మురుగును ఒక్కసారిగా తెచ్చి పోస్తాయి. ఆ మురుగును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఉన్న ప్రాణవాయువును పీల్చేస్తాయి. తెల్లారేసరికి చేపలు తేలతాయి. చంపింది ప్రాణవాయువు లేమి, అంటే నిర్జీవ కారకం. దాన్ని లేకుండా చేసింది కోటానుకోట్ల ప్రాణులు. వాటికి తిండి పెట్టింది మనం. ఎండను, తిండిని, శత్రువును విడివిడి గదుల్లో పెట్టుకున్న పుస్తకాలు రెండూ ఇక్కడ తడబడతాయి. పైగా అదే నీటిలో బొచ్చె చచ్చిపోతుంది, కొర్రమీను బతుకుతుంది. మృగశిర కార్తెకు చేప ప్రసాదంలో మింగించే ఆ కొర్రమీను పిల్లే పెద్దయ్యాక నీటిపైకి తల ఎత్తి గాలి పీల్చుకోగలదు. కాబట్టి ప్రాణవాయువు లీటరుకు రెండు మిల్లీగ్రాములకు పడిపోవడం దానంతట అది హద్దు కాదు, బొచ్చెకు హద్దు, కొర్రమీనుకు అవకాశం. ప్రతి ప్రాణికీ ఓర్చుకునే కింది మట్టం, పై మట్టం ఉంటాయని 1913లో విక్టర్ షెల్‌ఫర్డ్ చెప్పిన సంగతి ఇదే.

దీనికి భిన్నంగా పావురాల కథ సులువు, పెద్దగా చెప్పడానికి లేదు. మధురానగర్ బాల్కనీల్లో, ఏసీ డబ్బాల వెనక వాటికి చోటుంది, గింజలు చల్లేవాళ్ళున్నారు, ఏడాది పొడుగునా పిల్లలు పెడతాయి. మే ఎండకు కొన్ని రాలినా గుంట వెంటనే పూడుతుంది. లాక్ పుస్తకంలోని ఒక పేజీని యథాతథంగా ఇక్కడ చూడొచ్చు. గింజలు మానేస్తే తప్ప అవి తగ్గవు.

ఇక ఈ చర్చ పుస్తకాలకే పరిమితం కాదు. దోమల మీద నగరం చేసే పనులు కూడా, తెలిసో తెలియకో, ఈ రెండు సిద్ధాంతాల్లో ఒకదాన్ని నమ్మి చేస్తున్నవే. సాయంత్రం వీధిలో బండి పొగ వదులుతూ పోతుంది. ఆ పొగ మనిషి చేసిన వాతావరణం. వీధిలో వంద దోమలున్నా వేలున్నా తనకు తగిలిన వాటినే చంపుతుంది, ఇంట్లో మంచం కింద ఉన్న ఏడిస్ దాకా పోదు, సంపులోని లార్వా దాకా అసలే పోదు. 1947 చలి నారాయణపక్షికి చేసింది ఈ పొగ దోమకు చేస్తుంది: ఒక గుంట, ఆ వెంటనే పూడిక. 2020 మే నెలలో మున్సిపల్ శాఖ మొదలుపెట్టిన ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ కార్యక్రమం దీనికి పూర్తిగా భిన్నం. వారానికోసారి నీళ్ళు పారబోస్తే, ఎనిమిది రోజులు కావలసిన లార్వాకు ఏడే దొరుకుతాయి. ఒక్క దోమనూ వెతికి చంపనక్కరలేదు, దానికి కావలసిన కాలాన్ని కత్తిరిస్తే చాలు. ఆండ్రూవార్తా ఇంతకన్నా నమ్మకమైన శిష్యులను కోరుకోడు.

నీటి దగ్గరే దోమను పట్టుకోవాలన్న ఆలోచన మనకు కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. మధురానగర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట దాటగానే బేగంపేట. అక్కడే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లోనే ఆయన దోమల దళాలను ఎలా కూర్చాలో పుస్తకం రాశాడు. ఆ దళాల పని నీళ్ళు నిలిచిన డబ్బాలూ గుంటలూ వెతికి ఖాళీ చేయడం. 1910 నాటి మరో పుస్తకంలో, ప్రతి దోమనూ చంపనక్కరలేదు, సంఖ్య ఒక మట్టానికి దిగితే జబ్బు నిలవదు అని లెక్క కట్టి చూపాడు. ఆండ్రూవార్తాకూ లాక్‌కూ అందని మేలిమి సంగతి ఒకటి రాస్‌కు తట్టింది. సంఖ్యను ఎవరు అదుపు చేస్తారన్న వాదన తేలకపోయినా, ఏ మట్టం దాకా దించాలో చెప్పొచ్చు.

ఆదివారం కార్యక్రమంలో నాకు కనిపించే లోపాలు రెండు. మొదటిది, నీళ్ళు పారబోస్తే లార్వా పోతుంది కానీ గోడకు అంటిన గుడ్డు పోదు. అది నెలల తరబడి పొడిగానే కాచుకుని కూర్చుంటుంది. తొట్టి లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దాలి, ముఖ్యంగా నీటిమట్టం గీత చుట్టూ. రెండోది, నెల. 2020లో దీన్ని మేలోనే మొదలుపెట్టారు, సరిగ్గా పెట్టారు. కానీ ఊరు దోమ మీద నిజంగా విరుచుకుపడేది జులైలో కేసుల వార్తలు మొదలయ్యాకే. అప్పటికి డ్రమ్ములు కిక్కిరిసి ఉంటాయి, చంపిన ప్రతి లార్వా పక్కదానికి తిండి మిగిల్చి పోతుంది. ఏప్రిల్, మేలో దోమ ఏడాది మొత్తంలో అతి తక్కువ చోట్లకు కుదించుకుపోయి ఉంటుంది: కూలర్ తొట్టి, మూత బిగియని సంపు, హాస్టల్ డ్రమ్ము. వీధిలో ఎండ మన పక్షాన పనిచేస్తూ ఉంటుంది. లార్వాలు పలచగా ఉంటాయి కాబట్టి ఒకటి చస్తే ఆ ఖాళీని నింపే రెండోది ఉండదు. ఏటా ఏప్రిల్ మూడో వారంలో, కూలర్లు అటక మీంచి దించే రోజుల్లోనే, తొట్టి రుద్దకుండా నీళ్ళు పోయొద్దని చెప్పే మనిషి ప్రతి అపార్ట్‌మెంటు గేటు దగ్గరికీ వెళ్ళాలి. సంపు మూతకు సన్న జాలీ ఉందో లేదో కూడా ఆ మనిషే వంగి చూసి రావాలి.